విడాకుల తర్వాత మిగిలిన ఉమ్మడి అప్పు, బంగారం, పిల్లల ఖర్చులు: తిరుపతి, చిత్తూరు వాసుల చర్చ

తిరుచానూరు రోడ్డు టీచర్

నాకు 2022లో పరస్పర అంగీకారంతో విడాకులు మంజూరయ్యాయి. తిరుచానూరు రోడ్డులో ఇద్దరం కలిసి అప్పు తీసుకుని కొన్న ఫ్లాటు ఆయనకే చెందాలని, మిగిలిన వాయిదాలు ఆయనే కట్టాలని, బాబు చదువు ఖర్చులో సగం భరించాలని, ఉమ్మడి లాకర్లో ఉన్న నా పదహారు సవర్ల బంగారం నాకు అప్పగించాలని ఒప్పంద పత్రంలో రాసుకున్నాం. ఆ పత్రం డిక్రీలో భాగమైంది. మూడేళ్లు గడిచినా అప్పులో నా పేరు తీయించలేదు, లాకరు తెరవలేదు. ఇప్పుడు రెండు నెలలుగా వాయిదాలు కూడా ఆగిపోయాయి. తరగతిలో ఉండగా బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. విడాకులయ్యాయని చెబితే, "అది మీ ఇంటి విషయమమ్మా, అప్పు పత్రం మీద మీ సంతకం కూడా ఉంది కదా" అన్నారు. ఆయనను అడిగితే, ఫ్లాటులో నా వాటా వదులుకుంటున్నట్టు ముందు రిజిస్ట్రారు కార్యాలయంలో సంతకం పెట్టమని, ఆ తర్వాతే వాయిదాల సంగతి చూస్తానని అంటున్నారు. ఒప్పందంలో రాసిన మాటే కనుక పెట్టేద్దామా అని ఆలోచిస్తున్నాను. ఇటువంటి స్థితి దాటినవారు దయచేసి చెప్పండి.

చిత్తూరు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

అమ్మా, ఆ సంతకం మాత్రం ఇప్పుడు పెట్టవద్దు. నేను రుణాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. మీ వంటి వారు నా బల్ల ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న సందర్భాలు ఒకటి రెండు కావు. వారిలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఒక్కటే: ఆస్తిలో హక్కును ముందు వదులుకుని, అప్పు సంగతి తర్వాత చూద్దామనుకోవడం. ఫ్లాటు మీద హక్కు ఒక దస్తావేజు, అప్పు మరొక పత్రం. ఒకటి రద్దయినంత మాత్రాన రెండవది రద్దు కాదు. మీరు హక్కు విడుదల దస్తావేజు రాసిచ్చిన మరుక్షణం మీకు ఇల్లు ఉండదు, అప్పు మాత్రం పూర్తిగా మిగులుతుంది. సగం కాదమ్మా, పూర్తిగా. ఉమ్మడిగా అప్పు తీసుకున్నవారిలో ఎవరి నుంచైనా మొత్తం సొమ్ము వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. మీ ఇద్దరి మధ్య కోర్టు డిక్రీ ఉన్నా, అందులో బ్యాంకు పక్షం కాదు కనుక అది బ్యాంకును కట్టిపడేయదు.

కాలం కూడా చూసుకోవాలి. వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే ఆ ఖాతా నిరర్థక ఆస్తుల జాబితాలోకి, అంటే వసూలు కాని అప్పుల లెక్కలోకి వెళ్తుంది. ఆ తర్వాత తాకట్టులో ఉన్న ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఇచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, బకాయి తీర్చమని 60 రోజుల నోటీసు వస్తుంది. ఇవన్నీ మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలోనూ కనిపిస్తాయి. కాబట్టి రేపే శాఖకు వెళ్లి డిక్రీ నకలు జతచేసి ఒక ఉత్తరం ఇవ్వండి, మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి. బకాయి వివరాలు, పూర్తి ఖాతా నివేదిక అడగండి. మీ పేరు తీయాలంటే ఆయన ఒక్కరి జీతం ఆ అప్పుకు సరిపోతుందో లేదో బ్యాంకు మళ్లీ లెక్క వేస్తుంది. సరిపోకపోతే ఆయన తరఫు మరొకరు సహ రుణగ్రహీతగా రావాలి, లేదా ఆయన వేరే బ్యాంకుకు అప్పు మార్చుకోవాలి, అదీ కాకపోతే ఇల్లు అమ్మి అప్పు తీర్చాలి.

ఖాతా చెడిపోకుండా మీరే ఒకటి రెండు వాయిదాలు కట్టవలసివస్తే నగదు ఇవ్వకండి. మీ ఖాతా నుంచి అప్పు ఖాతాకు నేరుగా పంపి, అదే రోజు ఆయనకు ఉత్తరం రాయండి: డిక్రీ ప్రకారం మీరు కట్టవలసిన సొమ్మును నేను కట్టాను, తిరిగి ఇవ్వవలసిన బాధ్యత మీది, అని. ఉమ్మడి బాధ్యులలో ఒకరు కట్టినదానిని రెండవవారి నుంచి రాబట్టుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షనులో ఉంది. మీ విషయంలో డిక్రీ ఉంది కనుక సగమే కాక మొత్తం అడగవచ్చు.

తిరుపతి కోర్టు గుమాస్తా

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను ఒక న్యాయవాది వద్ద పనిచేస్తున్నాను. ఒప్పందం డిక్రీలో భాగమైందంటే మీరు కొత్తగా దావా వేయనవసరం లేదు, అదే కోర్టులో అమలు పిటిషను వేయవచ్చు. మేము దానిని ఈపీ అంటాం. సివిల్ డిక్రీ అమలుకు సాధారణంగా 12 ఏళ్ల గడువు ఉంటుంది కనుక మీకు కాలం దాటలేదు. ఆయన వాయిదాలు కట్టాలన్న షరతు, మీరు హక్కు వదలాలన్న షరతు ఏ వరుసలో రాశారో మీ డిక్రీ నకలులో ఒకసారి జాగ్రత్తగా చదవండి. మా దగ్గరకు వచ్చే పత్రాలలో సగానికి తేదీలు ఉండవు. "త్వరలో", "వీలైనంత తొందరగా" అన్న మాటలే తర్వాత ఏళ్ల తరబడి తిప్పుతాయి.

ఫీజు భారమనుకుంటే న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది, 15100కు ఫోను చేసినా దారి చూపుతారు. ఆయన రాజీకి వస్తే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు. అక్కడ ఇచ్చిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే ఈసారి ప్రతి షరతుకూ తేదీ పట్టుబట్టి రాయించండి.

పలమనేరు మండీ వ్యాపారి

నేను మనోవర్తి చెల్లించే పక్షంలో ఉన్నవాణ్ని. మా అబ్బాయి కోసం ప్రతి నెలా ఇవ్వవలసిన సొమ్మును మొదటి రెండేళ్లు నగదుగా, మా బామ్మర్ది చేతికి ఇచ్చాను. మనస్పర్ధలు పెరిగాక ఏమీ అందలేదని ఆమె పిటిషను వేశారు. నా దగ్గర ఒక్క రసీదు లేదు. ఆమె అబద్ధం చెప్పారని నేను ఇప్పటికీ అనను, ఆ డబ్బు ఆమె వరకు చేరిందో లేదో నాకే తెలియదు. కొంత సొమ్ము రెండోసారి కట్టాను. అప్పటి నుంచి ప్రతి నెలా 5వ తేదీలోపు ఆమె ఖాతాకే పంపుతూ, ఏ నెలదో రాస్తున్నాను. బడి ఫీజు మాత్రం నేరుగా బడికే కట్టి, రసీదు ఫొటో ఆమెకు పంపుతాను.

టమోటా ధర పడిపోయి నేను బాగా నష్టపోయిన ఏడాది, చెప్పకుండా ఆపేయమని కొందరు సలహా ఇచ్చారు. అలా చేయకుండా నెలనెలా ఇచ్చే సొమ్మును తగ్గించమని కోర్టునే అడిగాను. పరిస్థితులు మారితే మనోవర్తిని పెంచడానికైనా తగ్గించడానికైనా వీలుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 127వ సెక్షను, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 146వ సెక్షను. టీచరమ్మ గారూ, ఆయనకు నిజంగానే ఉద్యోగం పోయిందో, ఇబ్బంది ఉందో ఒకసారి ఉత్తరంలోనే అడగండి. మాటలలో అడిగితే మా వంటివాళ్లకు పౌరుషం అడ్డొస్తుంది.

కాళాస్త్రి ఆడపడుచు

అక్కా, బంగారం గురించి చెప్తాను. నా నగలు అత్తగారి బీరువాలో ఉండిపోయాయి. అసలు అంత బంగారం పెట్టలేదని వాదించారు. మా అమ్మ ఒక పాత నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకున్న లెక్క నన్ను ఆదుకుంది: "హారం నాలుగు సవర్లు, గాజులు జత మూడు, తరుగు పోను" అని. పక్కన కంసాలి ఇచ్చిన చీటీ పిన్నుతో గుచ్చి ఉంది, ఆ పిన్ను తుప్పు మరక కాగితానికి అంటుకుని ఉంది. దానికి పెళ్లి ఆల్బంలోని ఫొటోలు తోడయ్యాయి. ఒక్కో నగను ఫొటోలో సున్నా చుట్టి మా వకీలు చూపించారు.

స్త్రీధనం, అంటే పెళ్లిలో ఆడపిల్లకు పెట్టిన నగలు, సొమ్ము వంటివి, భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదని, అది పూర్తిగా ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది, 2024లో మళ్లీ చెప్పింది. అదే ఏడాది తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, కూతురు అధికారం ఇవ్వకుండా ఆమె స్త్రీధనాన్ని తండ్రి కూడా అడగలేడని తీర్పు వచ్చింది. కాబట్టి మీ నాన్నగారినో అన్ననో పంపకండి, మీ పేరుతోనే అడగండి.

మరొకటి: ఆయన పాడుకున్న చీటీలకు మీరు జామీను ఉన్నారేమో చూసుకోండి. నేను మరిచిపోయాను. విడాకులైన ఏడాదికి చిట్ కంపెనీ నోటీసు నా పేరున వచ్చింది. బీమా, పీఎఫ్ నామినీ పేర్లు కూడా మార్చుకోండి.

తిరుచానూరు రోడ్డు టీచర్

అందరికీ నమస్కారాలు. ఈ మూడు వారాలలో జరిగింది చెప్తాను. విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టలేదు. శాఖలో ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. ఒక వాయిదా నేనే కట్టి, ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను. పలమనేరు అన్న చెప్పినట్టు ఇబ్బంది ఏమైనా ఉందా అని అందులోనే అడిగాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. కంపెనీ మారడంతో జీతం రెండు నెలలు ఆగిందట. మూడేళ్లలో కోపం లేని జవాబు అదే మొదటిది. మిగిలిన బకాయి కట్టారు. తన తమ్ముణ్ని సహ రుణగ్రహీతగా పెడతానని, బ్యాంకు నా పేరు తీసినట్టు పత్రం ఇచ్చిన రోజే దస్తావేజు రిజిస్టరు చేసుకుందామని ఒప్పుకున్నారు. అయినా ఈపీ కాగితాలు సిద్ధం చేయించి పెట్టుకున్నాను. వచ్చే బుధవారం లాకరు తెరవాలి. మా తమ్ముణ్ని లోపలికి రానిస్తారా?

చిత్తూరు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

సాధారణంగా లాకరు గదిలోకి ఖాతాదారులనే పంపుతారమ్మా. తమ్ముడు బయట కూర్చోవచ్చు. నగల పట్టిక రెండు ప్రతులు ఇంట్లోనే రాసి తీసుకెళ్లండి, బరువు గడి ఖాళీగా ఉంచండి. బయటికి వచ్చాక ఇద్దరూ కలిసి ఏదైనా నగల దుకాణంలో తూకం వేయించి, ఆ గడులు నింపి, రెండు ప్రతుల మీదా ఇద్దరూ సంతకాలు చేయండి. లాకరు ఖాళీ అయితే అదే రోజు తాళం చెవి అప్పగించి, లాకరు రద్దు చేసినట్టు కాగితం తీసుకోండి. లేకపోతే వచ్చే ఏడాది అద్దె కోసం మళ్లీ మీకే ఫోను వస్తుంది.