పదకొండు గోల్స్‌తో గెలిచాము, కానీ కోచ్‌గా నేను తప్పు చేశానా?

ప్రశ్న: డల్లాస్ నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఆడే రిక్రియేషనల్ లీగ్‌లో కోచ్‌ల బాధ్యత తల్లిదండ్రులే తీసుకుంటారు. అలా రెండు సీజన్లుగా పదేళ్లలోపు పిల్లల సాకర్ (ఫుట్‌బాల్) జట్టుకు శిక్షణ ఇస్తున్నాను. ఈ వయసు వారికి జట్టుకు ఏడుగురు, ఇరవై అయిదేసి నిమిషాల రెండు సగాలు ఉంటాయి. మా లీగ్‌లో పాయింట్ల పట్టిక కూడా లేదు.

పోయిన శనివారం మేము 11-0తో గెలిచాము. సగం ఆట ముగిసేసరికే ఏడు గోల్స్ అయ్యాయి. పదకొండోది పడిన తరువాత, ఇక ఎవరూ గోల్ వైపు కొట్టవద్దని, బంతిని మనలో మనమే పాస్ చేసుకుందామని పిల్లలకు గట్టిగా కేక వేసి చెప్పాను. ఆఖరి పది నిమిషాలు అలాగే గడిచాయి. అవతలి పిల్లలు బంతి కోసం అటూ ఇటూ పరుగెత్తి అలసిపోయారు. మా వైపు తల్లిదండ్రులేమో ప్రతి పాస్‌కూ చప్పట్లు కొట్టారు.

ఆ జట్టు గోల్‌కీపర్ బాబు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. చేతి తొడుగులు వాడికి బాగా పెద్దవి. ఆఖరి గోల్ తరువాత వలలోంచి బంతి తీయబోతే రెండుసార్లు జారిపోయింది. చివరికి తొడుగులు విప్పి కింద పెట్టి, ఉత్త చేతులతో బంతిని ఎత్తుకుని నడిచి వచ్చాడు. మ్యాచ్ అయ్యాక అందరూ వరుసలో చేతులు కలుపుకుంటుంటే తల ఎత్తలేదు. మా పిల్లలు కష్టపడి నేర్చుకున్న ఆటను ఆడవద్దని చెప్పడం న్యాయమా? చెప్పకపోతే అవతలి పిల్లల సంగతి ఏమిటి?

జవాబు: న్యూజెర్సీ నుంచి, పద్నాలుగేళ్లుగా పిల్లల కోచ్

మీ ఉద్దేశం మంచిదే కానీ, ఎంచుకున్న మార్గం మాత్రం సరైనది కాదని నా అనుభవం. గోల్ వైపు వెళ్లకుండా బంతిని తిప్పుతూ ఉంటే, మీతో ఆడవలసిన అవసరం కూడా మాకు లేదని అవతలి పిల్లలకు చెప్పినట్టే అవుతుంది. పన్నెండో గోల్ కంటే అది ఎక్కువ నొప్పిస్తుంది. దానిని అందరికీ వినబడేలా కేక వేసి చెప్పడం ఇంకా ఇబ్బందికరం.

ఆటను ఆపకుండా మీ పిల్లలకు లెక్కను కఠినం చేయండి. ఇది ఏడో గోల్ దగ్గర కాదు, మూడో గోల్ దగ్గరే మొదలు కావాలి. ముందు వరుసలో ఆడేవారిని వెనక్కి పంపి, ఎప్పుడూ గోల్ దగ్గరే నిలబడే పిల్లవాడిని ముందుకు తీసుకురండి. కుడి కాలితో కొట్టేవారిని ఎడమ కాలితోనే కొట్టమనండి. బంతి మైదానం అంచు దాకా వెళ్లి, అక్కడి నుంచి పాస్‌గా వస్తేనే గోల్‌కు ప్రయత్నించాలని చెప్పండి. అవతలి జట్టు బంతితో మధ్య గీత దాటే వరకు మీవారు మీదికి వెళ్లకూడదు. ఈ ఒక్క నియమంతోనే అవతలి పిల్లలకు తల ఎత్తి చూసి పాస్ ఇచ్చే వ్యవధి దొరుకుతుంది, అదే సమయంలో మీ డిఫెండర్లకు నిజమైన పని తగులుతుంది. ఇవన్నీ పిల్లలను దగ్గరకు పిలిచి మెల్లగా చెప్పవలసినవి.

ఇంగ్లాండ్‌లో చిన్న పిల్లల మ్యాచ్‌లలో నాలుగు గోల్స్ వెనకబడిన జట్టు అదనంగా ఒక ఆటగాణ్ణి దింపుకోవచ్చనే పద్ధతి ఉంది. మీ లీగ్ ఒప్పుకుంటే, రిఫరీతోనూ అవతలి కోచ్‌తోనూ మాట్లాడి చూడండి.

జవాబు: షార్లెట్ నుంచి ఒక తల్లి

పై జవాబులో చాలా భాగం నాకు సమ్మతమే కానీ, అదనపు ఆటగాడి విషయంలో ఒక మాట చెప్పాలి. మా అమ్మాయి జట్టు ఓడిపోతున్నప్పుడు ఒకసారి అలా చేశారు. ఇంటికి వస్తూ కారులో, "మాకు ఆట రాదనే కదా అమ్మా, ఇంకో అమ్మాయిని ఇచ్చారు" అంది. అంతకంటే ఆఖరి పది నిమిషాలు రెండు జట్లనూ కలిపి, చొక్కాల మీద వేసుకునే రంగు జాకెట్లు మార్చి పంచి ఆడిస్తే, గెలుపోటముల ఊసే ఉండదు.

ఇంకొకటి, గట్టు మీద నిలబడే మన గురించి. 2019 మహిళల ప్రపంచకప్‌లో అమెరికా జట్టు థాయిలాండ్‌ను 13-0తో ఓడించినప్పుడు, గోల్స్ ఆపకపోవడాన్ని చాలామంది సమర్థించారు, ఎందుకంటే గ్రూపు దశలో గోల్స్ తేడా లెక్కకు వస్తుంది. విమర్శ ఎక్కువగా వచ్చింది ఆఖరి గోల్స్‌కు కూడా చేసుకున్న సంబరాల మీద. తరువాతి మ్యాచ్‌లో థాయిలాండ్ స్వీడన్ చేతిలో 5-1తో ఓడినా, ఆ ఒక్క గోల్ పడగానే ఆ జట్టు మేనేజర్ కన్నీళ్లు పెట్టుకున్నారు. మా అమ్మాయిని కూడా బాధించింది అంకె కాదు, అవతలి గట్టు నుంచి వచ్చిన ఈలలు. నాలుగో గోల్ తరువాత చప్పట్లు తగ్గించమని మీ తల్లిదండ్రులకు సీజన్ మొదట్లోనే చెప్పండి.

జవాబు: హైదరాబాద్ నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

ఓడిన జట్టు వైపు నుంచి ఆలోచిస్తున్నాను, ఎందుకంటే మా పాఠశాల జట్టు అలాంటి ఓటములు చాలా చూసింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవారిలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఆ జట్టు కోచ్ మన హైదరాబాదీ, ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. బూట్లు లేకుండా ఇక సాగదని ఆ మ్యాచ్ తేల్చి చెప్పింది. 1956లో మెల్‌బోర్న్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. యుగోస్లావియా ఆ రోజు జాలిపడి ఆటను ఆపేసి ఉంటే, మనకు ఏమి తెలిసేది?

అయితే వారు పెద్దవారు, మీ పిల్లలకు తొమ్మిదేళ్లు. ఆ వయసులో ఓటమి నుంచి పాఠం వాళ్లంతట వాళ్లు తీసుకోలేరు, దానిని వారి కోచ్ చిన్న ముక్కలుగా చేసి ఇవ్వాలి. నేను సగం ఆట దగ్గర, "స్కోరు వదిలేయండి, ఈ సగంలో వరుసగా మూడు పాస్‌లు ఎన్నిసార్లు చేస్తారో నేను లెక్కపెడతాను" అంటాను. కాబట్టి డల్లాస్ కోచ్ గారూ, మీరు ముందుగా మాట్లాడవలసినది అవతలి కోచ్‌తో.

ప్రశ్న అడిగిన వారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అవతలి కోచ్‌కు ఫోన్ చేశాను. గోల్ దగ్గర నిలబడడానికి ఆ రోజు ఎవరూ ముందుకు రాకపోతే, ఆ బాబు తానే చెయ్యి ఎత్తాడట. తొడుగులు వాళ్ల అన్నవట. వచ్చే బుధవారం సాయంత్రం రెండు జట్లకూ కలిపి ఒకే ప్రాక్టీస్ పెట్టుకున్నాము. పిల్లలను కలిపేసి ఆడిస్తాము, ఆ గంటలో గోల్ దగ్గర మా అబ్బాయి నిలబడతాడు.