ఫ్లెమింగోలు ఒంటికాలి మీద ఎందుకు నిలబడతాయి? కాలు నొప్పి పుట్టదా?

ప్రశ్న:
నిన్న మా పాపని జూకి తీసుకెళ్ళాను. అక్కడ ఒక ఫ్లెమింగో తల వీపు మీది ఈకల్లో దూర్చేసుకుని, ఒంటికాలి మీద నిద్రపోతోంది. మేం అరగంట చూశాం, గాలి వీచినా తూలలేదు. "దాని కాలు నొప్పి పుట్టదా నాన్నా" అని పాప అడిగితే, రెండో కాలికి రెస్ట్ ఇస్తోందిలే అన్నాను. "మరి రెండు కాళ్ళ మీద నిలబడితే బరువు సగం సగం పడుతుంది కదా" అంది. నాకు జవాబు తోచలేదు. మనం రెండు నిమిషాలు అలా నిలబడితేనే పిక్కలు పట్టేస్తాయి. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు 1:
ఒంట్లో వేడి పోకుండా కాపాడుకోవడానికండీ. ఒళ్ళంతా ఈకలున్నా కాళ్ళకి ఉండవు, పైగా రోజులో ఎక్కువసేపు నీళ్ళలోనే ఉంటాయి. గాలి కంటే నీరు వేడిని చాలా త్వరగా లాగేస్తుంది. ఒక కాలు పైకి తీసి పొట్ట ఈకల్లో దాచుకుంటే ఆ నష్టం బాగా తగ్గుతుంది. ఫిలడెల్ఫియా జూలో కరీబియన్ ఫ్లెమింగోలను గమనించి ఇద్దరు పరిశోధకులు రాసిన పేపర్ 2010లో జూ బయాలజీ పత్రికలో వచ్చింది. అవి నేల మీద కంటే నీళ్ళలో ఉన్నప్పుడే ఎక్కువగా ఒంటికాలి మీద నిలబడ్డాయి, వాతావరణం వేడెక్కే కొద్దీ అలా నిలబడటం తగ్గింది.

జవాబు 2:
శత్రువు వస్తే వెంటనే పరిగెత్తడానికి రెండో కాలు అలసిపోకుండా ఉంచుకుంటాయని విన్నాను.

జవాబు 1 రాసినవారు:
అదీ అదే పరిశోధనలో చూశారండీ. ఒంటికాలి మీద ఉన్న పక్షి కదిలి ముందుకు నడవడానికి, రెండు కాళ్ళ మీద ఉన్నదాని కంటే ఎక్కువ సమయం తీసుకుంది. కాబట్టి ఆ కారణం నిలవదు.

జవాబు 3:
పాప అడిగింది చాలా మంచి ప్రశ్న, దానికి జవాబు 2017లో వచ్చింది. అమెరికాలో యంగ్-హుయ్ చాంగ్, లీనా టింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చనిపోయిన ఫ్లెమింగో కాలి కింది భాగాన్ని పట్టుకుని నిటారుగా నిలిపితే, శరీరం దానంతటదే ఒంటికాలి భంగిమలో కుదురుకుని అలాగే నిలిచింది. చనిపోయిన పక్షిలో కండరాలు పనిచేయవు కదా, అంటే ఆ బరువుని మోస్తున్నది కీళ్ళ అమరికే. అదే కాలిని రెండు కాళ్ళతో నిలబడే తీరులో పెడితే ఆ నిలకడ లేదు! మనకి ఒంటికాలు కష్టం, వాటికి రెండు కాళ్ళ మీద ఉండటమే ఎక్కువ పని అనుకోవచ్చు. బతికున్న పిల్ల ఫ్లెమింగోలను బరువు కొలిచే పలక మీద నిలబెట్టి చూస్తే, నిద్రలోకి జారుకునే కొద్దీ ఒంటి ఊగులాట ఇంకా తగ్గింది. మనకైతే కళ్ళు మూస్తే ఊగులాట పెరుగుతుంది, మీరే చేసి చూడండి.

ఇంకో సంగతి. కాలి మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర ఈకల్లో దాగి ఉంటుంది. శరీరం బరువు ఆ మోకాలికి ముందుగా పడి, కీళ్ళని బిగించి పట్టి ఉంచుతుంది.

వేడి సంగతికీ దీనికీ పేచీ లేదు. కాలు ఎందుకు ఎత్తుకుంటుందో మొదటిది చెబుతుంది, అలసిపోకుండా అంతసేపు ఎలా ఉండగలుగుతుందో రెండోది చెబుతుంది. కొంగలు, బాతులు కూడా ఒంటికాలి మీద నిలబడతాయి కాబట్టి, కాళ్ళకి చలి తగలడమన్నది చాలా పక్షులకి వర్తిస్తుందనే నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మోకాలి విషయం నాకు అస్సలు తెలియదు. ఒక్క డౌట్, ఒంటికాలి మీద ఉన్నప్పుడు ఒక పక్కకి ఒరిగిపోదా?

జవాబు 3 రాసినవారు:
ఒరగదండీ, ఎందుకంటే కాలు తిన్నగా కిందికి ఉండదు. తుంటి దగ్గర నుంచి లోపలికి ఏటవాలుగా వచ్చి, పాదం సరిగ్గా ఒంటి మధ్య కింద ఆనుతుంది. మీరు నిన్న ముందు నుంచి ఫోటో తీసి ఉంటే అందులో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశాం. పాప ఫోటో మీద ఒంటి మధ్య నుంచి కిందికి వేలితో గీత గీసింది, అది నేరుగా పాదం మీదకే వచ్చింది.