కార్డు బాకీ, లోను, చేబదులు: దేనితో మొదలుపెట్టాలి?

పాతికేళ్లకే మూడు చోట్ల అప్పు పేరుకుపోతే ఏది ముందు తీర్చాలో తెలిసినవాళ్లు చెప్పండి. క్రెడిట్ కార్డు మీద నెలకు 3 శాతం వడ్డీ, పర్సనల్ లోను మీద ఏడాదికి 14 శాతం, స్నేహితుడి దగ్గర వడ్డీ లేని చేబదులు.

కార్డుదే అసలు బెడద. బాకీ 1,00,000 ఉండి మినిమం డ్యూ (ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం) 5 శాతం కడితే, ఆ 5,000లో 3,000 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది మహా అయితే 2,000. పైగా బిల్లు పూర్తిగా కట్టనంత కాలం, కొత్తగా కొన్నవాటికి మామూలుగా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డు వాడకం ముందు ఆపాలి, అందులో సందేహం లేదు.

సందేహమల్లా ఇక్కడే. తక్కువ వడ్డీకి ఇంకో లోను తీసుకుని కార్డు బాకీ తీర్చేయడం మంచిదేనా? వాయిదా చిన్నదైనా గడువు 2 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు సాగితే కట్టే మొత్తం వడ్డీ పెరగొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు, ముందుగా తీర్చేస్తే పడే చార్జీ కలిపి ఎలా పోల్చాలి?

సెటిల్‌మెంట్‌కు, అంటే బాకీలో కొంత కడితే మిగతాది బ్యాంకు వదిలేసే ఒప్పందానికి, ఒప్పుకుంటే క్రెడిట్ రికార్డులో ఆ మచ్చ ఏళ్లపాటు ఉండిపోతుంది. అది భరించదగ్గదేనా?

వడ్డీ లేదు కదా అని చేబదులును చివరికి నెట్టడం మాత్రం న్యాయం అనిపించడం లేదు. నెలనెలా కొంతైనా ఇవ్వాలంటే కార్డుకు కట్టేదాంట్లో ఎంత తగ్గించొచ్చు?