హూవర్ సినిమా: జనం ఎక్కడ తికమకపడతారు?

ప్రశ్న (విజయనగరం): అమెరికా దర్యాప్తు బ్యూరో (ఎఫ్‌బీఐ) అధిపతి హూవర్ కథ ‘జె. ఎడ్గర్’ ఆదివారం పదిమందికి వేద్దామనుకుంటున్నాం. 137 నిమిషాలు. కథ ముందుకీ వెనక్కీ గెంతుతుందట. ఏం చెప్పి మొదలెట్టాలి?

జవాబు (శ్రీకాకుళం): బోర్డు మీద నాలుగు అంకెలు రాసేయండి గురూ: 1919 అరాచకవాదుల బాంబులు, 1924 హూవర్‌కి బ్యూరో పగ్గాలు, 1932 విమానవీరుడు లిండ్‌బర్గ్ పిల్లాడి అపహరణ, 1972 హూవర్ మరణం. మొహం ముడతలుపడితే చివరి రోజులని లెక్క. అసలు మెలిక వేరే: ముసలి హూవర్ తన కథ తనే రాయిస్తున్నాడు, తెరమీద మనం చూసేది ఆ సొంత డబ్బానే. చివర్లో అతని కుడిభుజం టోల్సన్ నిలదీసేదాకా తెలీదు. అది ముందే చెప్పేయకండి.

జవాబు (బొబ్బిలి): హూవర్‌గా డికాప్రియో బానే లాగాడు. టోల్సన్ ముసలి మేకప్పే దెబ్బ: చర్మం మైనంలా, కళ్లు మాత్రం కుర్రాడివి. దగ్గరి షాట్లలో నవ్వొస్తాది. లిండ్‌బర్గ్ కేసులో నిచ్చెన ఘట్టం మాత్రం వదలొద్దు. నిందితుడి అటక మీది పలకకీ అపహరణకి వాడిన నిచ్చెన కర్రకీ మేకు కన్నాలు, చెట్టు వలయాలు సరిపోయాయి. అది తేల్చిన చెక్క నిపుణుడు కోలర్ అటవీ శాఖ మనిషి, బ్యూరో మనిషి కాదు.

ప్రశ్న అడిగినవారు: 48 ఏళ్లు ఒకే కుర్చీలోనా బాబూ!

జవాబు (శ్రీకాకుళం): అందుకే 1976లో డైరెక్టర్ పదవికి పదేళ్ల హద్దు పెట్టారు. సినిమాలో అది లేదు.