బాఖ్ ‘వాఖెట్ ఔఫ్’లో అసలు కీర్తన ఎక్కడుంది?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మాది గుంటూరులో లూథరన్ కుటుంబం, చర్చిలో కీబోర్డు వాయిస్తాను. జర్మన్ సంగీతకారుడు బాఖ్ ఒక పాత జర్మన్ కీర్తన మీద ఆర్గాన్ కోసం చేసిన ‘వాఖెట్ ఔఫ్’ (ఆయన రచనల జాబితాలో నంబరు బీడబ్ల్యూవీ 645) వారం రోజులుగా వింటున్నా. మొదట్లో కుడిచేతిలో వచ్చే ట్యూనే కీర్తన అనుకుని నోట్స్ కూడా రాసుకున్నా. తీరా జర్మన్ పాట మాటలు పెట్టుకుని పాడబోతే ఒక్క లైనూ కుదరట్లేదు. నేను వింటున్నది వేరే పాటా?

జవాబు 1:
పాట అదేనండి. మీరు రాసుకున్నది మాత్రం కీర్తన కాదు, దాని పక్కన నడవడానికి బాఖ్ సొంతంగా అల్లిన ట్యూన్. అది పన్నెండు బార్లు (తాళం ఆవర్తనాల్లాంటివి) ఒక్కటే నడిచాక, 13వ బార్‌లో ఎడమచేతిలో అసలు కీర్తన మొదలవుతుంది. మన స్వరాల్లో చెప్పాలంటే స గ ప, ప ప ప ధ ప, అంటే ‘వా-ఖెట్-ఔఫ్’కి స గ ప. అది వచ్చిందని కుడిచెయ్యి ఆగదు, తన దారిన తను పోతూనే ఉంటుంది, అందుకే చెవి దాన్నే పట్టుకుని కీర్తనని వదిలేస్తుంది. ముందు ఆ ఎనిమిది స్వరాలు నోటితో పాడుకుని, తర్వాత వినండి.

జవాబు 2:
మాటలు కూడా తెలిస్తే ఇంకా బాగా వినిపిస్తుంది. ‘మేలుకోండి’ అని మొదలయ్యే ఈ పాట మత్తయి 25లోని పదిమంది కన్యకల ఉపమానం. రాసింది ఫిలిప్ నికోలాయ్ అనే పాస్టర్, ఆయన పనిచేసిన ‘ఉన్నా’ (Unna) అనే జర్మన్ పట్టణంలో ప్లేగుతో జనం పిట్టల్లా రాలిపోయిన రోజుల తర్వాత, 1599లో అచ్చయింది. బాఖ్ 1731లో లైప్‌జిగ్‌లో దీని మీద కాంటాటా (చర్చిలో గాయకులు, వాద్యాలు కలిసి చేసే పెద్ద రచన; ఆయన కాంటాటాల్లో 140వ నంబరుది) చేశాడు. అందులో రెండో చరణాన్ని టెనర్లు (పై స్థాయి మగ గొంతులవాళ్ళు) పాడుతుంటే, మీరు రాసుకున్న ఆ ట్యూన్‌ని వయొలిన్లు, వయోలాలు (వయొలిన్ కంటే కాస్త పెద్దవి) కలిసి వాయిస్తాయి. దాన్నే తర్వాత ఆర్గాన్‌కి మార్చాడు, కాబట్టి మీ ఎడమచెయ్యి నిజానికి గాయకుల గొంతు. ఆ చరణంలో కావలివాళ్ళ పాట విని సీయోను (బైబిల్లో యెరూషలేముకి ఇంకో పేరు) సంతోషంతో లేస్తుంది. నాకు ఆ లైను దగ్గర ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

జవాబు 3:
బ్రదర్, వాయించాలనుకుంటే ఒక మాట. ఆర్గాన్‌లో రెండు చేతులకి రెండు వేర్వేరు కీబోర్డులు, బేస్ కాళ్ళతో. ఒకే కీబోర్డు మీద అయితే కొన్నిచోట్ల రెండు చేతులూ ఒకే కీ దగ్గర ఢీకొంటాయి. ఇద్దరు కూర్చుంటే సులువు: మీరు కుడిచేతి భాగం, ఇంకొకరు ఇంకో కీబోర్డు మీద ట్రంపెట్ టోన్ పెట్టి కీర్తన. బేస్ గిటార్ వాయించేవాళ్ళుంటే పెడల్ భాగం వాళ్ళకివ్వండి.

ప్రశ్న అడిగినవారు:
వినిపించింది! స గ ప పాడుకుంటూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మొదటిసారే దొరికింది. ఇన్నాళ్ళూ దాన్ని తోడు స్వరాలే అనుకున్నా. ఆదివారం మా తమ్ముడికి ట్రంపెట్ టోన్ ఇచ్చి కూర్చోబెడతాను.