మోచేతి దగ్గర చర్మం కిందే కొట్టుకునే నాళం: సిరా, ధమనా?

వార్డు నర్సు: కొందరికి మోచేతి మడత కింద, చిటికెనవేలి వైపు, చర్మానికి ఆనుకునే లావుపాటి నాళం ఉంటుంది. టోర్నికెట్ (చేతికి బిగించే పట్టీ) కడితే అచ్చం సిరలాగే ఉంటుంది, విప్పితే కొట్టుకుంటుంది. ఏమిటండీ ఇది? పొరపాటున అందులో మందు ఎక్కిస్తే?

అనాటమీ ట్యూటర్: చాలావరకు సూపర్‌ఫిషియల్ అల్నార్ ఆర్టరీ, అంటే చిటికెనవేలి వైపు చర్మం కిందే వెళ్లే ధమని, అయ్యుంటుందండీ. మామూలుగా దండచేతిలోని ప్రధాన ధమని, బ్రేకియల్ ఆర్టరీ, బొటనవేలి వైపున్న రేడియస్ ఎముక మెడ దగ్గర రేడియల్, అల్నార్ అని రెండుగా చీలుతుంది, అల్నార్ కొమ్మ కండరాల అడుగుకు దిగిపోతుంది. కొందరిలో ఆ కొమ్మ పైన దండచేతిలోనో చంకలోనో పుట్టి, మణికట్టునూ వేళ్లనూ మడిచే ఫ్లెక్సర్ కండరాల మీదుగా వస్తుంది. పిండదశలో చెరిగిపోవాల్సిన పైపొర నాళం మిగిలిపోవడమే కారణం. పక్కనే బేసిలిక్ సిర ఉంటుంది కాబట్టి పొరబడడం తేలిక.

మత్తు డాక్టర్: టోర్నికెట్ కట్టకముందే రెండు వేళ్లతో తడిమి చూడండి. బిగించి కడితే ధమని నాడీ ఆగిపోతుంది, ఇక తేడా తెలియదు. ఎర్రటి రక్తం చిమ్మితే ధమనే. కానీ బీపీ, ఆక్సిజన్ పడిపోయినవాళ్లలో నల్లగా, మెల్లగా వస్తుంది, దాన్ని నమ్మకండి. సెలైన్ సీసా చేతికంటే మీటరు ఎత్తులో ఉన్నా రక్తం ట్యూబులో పైకి ఎక్కుతోందంటే అనుమానించాల్సిందే: మీటరు నీటిస్తంభం దాదాపు 74 మి.మీ. పాదరసమే, ధమని ఒత్తిడి అంతకంటే ఎక్కువ. ఇంకా తేలకపోతే బ్లడ్ గ్యాస్ (రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరీక్ష) పంపండి.

మందు వెళ్తుండగా వేళ్ల దాకా మంట, అరచెయ్యి పాలిపోవడం కనిపిస్తే వెంటనే ఆపండి. *క్యాన్యులా (నాళంలో పెట్టిన సన్నటి గొట్టం) పీకకండి*. దాన్ని పీకేయడమే అందరూ చేసే తప్పు. విరుగుడు మందులు ఎక్కించే దారి అదే. అందులోంచే సెలైన్ మెల్లగా పోనిచ్చి, వాస్క్యులర్ సర్జన్‌ను పిలవండి. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ సంగతి వాళ్లు తేలుస్తారు. ధమనిలోకి వెళ్లింది ప్రొమెథజైన్ (వాంతులకు, అలర్జీకి ఇచ్చే మందు) అయితే వేళ్లు కుళ్లే దాకా పోవచ్చు. థయోపెంటోన్ అనే మత్తుమందు రక్తంలో స్ఫటికాలు కట్టి చిన్న ధమనులను మూసేస్తుంది.

క్యాత్‌ల్యాబ్ టెక్నీషియన్: చేతి ధమనిలోంచి గుండెకు క్యాథెటర్ (సన్నటి గొట్టం) పంపే మా దగ్గర ఎక్కువగా ఎదురయ్యేది పైనుంచే పుట్టిన రేడియల్ ధమని. సన్నగా ఉంటుంది, 6 ఫ్రెంచ్ అంటే 2 మి.మీ. క్యాథెటర్ పట్టేసుకుంటుంది. ముందుగా పంపే వైరు మోచేతి దగ్గర ఆగితే నెట్టకూడదు, చిరుగుతుంది. కాస్త కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) పలుచన చేసి ఎక్కించి ఫొటో తీస్తే, మెలికా, సన్నటి నాళమా అన్నది తెలిసిపోతుంది.

వార్డు నర్సు: ఒక చేతికి ఉంటే రెండో చేతికీ ఉంటుందా?

అనాటమీ ట్యూటర్: ఉండాలని లేదు. రెండో చెయ్యి వేరుగా తడిమి చూడాల్సిందే. కేస్ షీట్‌లో ఏ చెయ్యో రాయండి. డయాలిసిస్ ఫిస్టులా (ధమనిని సిరతో కలపడం) వేయాల్సి వస్తే డాప్లర్ (రక్తప్రవాహం చూపే స్కాన్) చంకదాకా చేయించమని సర్జన్‌కు చెప్పొచ్చు.