ఆరు జెండాలా, ఎనిమిదా? కెల్టిక్ వరసలో ఎవరికి చోటు?

సాగరతీరం: ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో లోరియాన్ అనే ఊళ్లో 1971 నుంచి ఆగస్టు నెలలో కెల్టిక్ ఉత్సవం జరుగుతోంది. కెల్టిక్ అంటే ఐరిష్, వెల్ష్, బ్రెటన్ లాంటి భాషల కుటుంబం, ఆ భాషల వాళ్లు కెల్ట్‌లు. స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్, కార్న్‌వాల్, ఐల్ ఆఫ్ మాన్, బ్రిటనీ జెండాలతో పాటు స్పెయిన్‌లోని గలీసియా, అస్తూరియాస్ జెండాలూ అక్కడ ఎగురుతాయి. 1961లో మొదలైన కెల్టిక్ లీగ్ అనే సంఘం మాత్రం మొదటి ఆరింటినే ఒప్పుకుంటుంది. దాని కొలమానం కెల్టిక్ భాష. నా ఓటు లీగ్‌కే. గలీసియన్ లాటిన్ నుంచి పుట్టిన భాష, పోర్చుగీసుకు దగ్గరి చుట్టం. బ్యాగ్‌పైప్ అనే తిత్తి వాద్యం ఊదినంత మాత్రాన కెల్ట్‌లు అయిపోతారా?

పెన్నా ఒడ్డు: భాషే కొలమానమైతే ముందు ఇరుక్కునేది బ్రిటనీ జెండానే సార్. 1923లో మోర్వాన్ మార్షల్ గీసిన ఆ నలుపు తెలుపు జెండాలో తొమ్మిది పట్టీలుంటాయి. నాలుగు తెల్లవి పడమట బ్రెటన్ మాట్లాడే పాత బిషప్ మండలాలకు గుర్తు. అయిదు నల్లవి తూర్పున ఉన్న రెన్, నాంత్, సెయింట్ మాలో లాంటి వాటికి. అక్కడి గాలో భాష కూడా లాటిన్ సంతానమే. అంటే సగానికి పైగా పట్టీలు మీ పరీక్షలో ఫెయిల్! అయినా ఆ జెండాను దించమని లీగ్ అడగదు.

సాగరతీరం: మిగతా సగంలో బ్రెటన్ ఇంకా బతికే ఉందిగా. గలీసియాలో కెల్టిక్ భాష ఏ మూలన ఉంది?

పెన్నా ఒడ్డు: ఐల్ ఆఫ్ మాన్ భాష మాంక్స్ పుట్టుభాషగా ఉన్న చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో పోయాడు. కార్న్‌వాల్ భాష కార్నిష్ అంతకు చాలా ముందే పోయింది. రెండిటినీ తర్వాత పట్టుబట్టి నేర్చుకుని లేపారు.

సాగరతీరం: లేపడానికి రాతలైనా మిగిలాయి కదా. గలీసియాలో ఊళ్ల పేర్లూ నదుల పేర్లూ తప్ప పెద్దగా ఏముంది?

కార్డిఫ్ బాబాయ్: మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. ఇక్కడ వేల్స్‌లో రగ్బీ మ్యాచ్ రోజు ఎక్కడ చూసినా మా జెండా మీది ఎర్ర డ్రాగనే. బ్రిటన్ జెండా యూనియన్ జాక్‌లో వేల్స్ గుర్తు ఒక్కటీ లేదని మా పక్కింటాయన ఇప్పటికీ రుసరుసలాడతాడు. ఆయన జెండా కట్టేది ఇంగ్లండ్ మీద పంతంతోనే. బ్రిటనీ ఊసే ఎత్తడు. నన్నడిగితే వీళ్లను కలిపేది భాష కన్నా పక్కనున్న పెద్ద రాజ్యం మీద కోపం. ఆ లెక్కన మాడ్రిడ్ మీద అలిగిన గలీసియాకీ చోటివ్వొచ్చు.

సాగరతీరం: కోపమే అర్హతైతే సగం ప్రపంచం కెల్టిక్ అయిపోతుంది బాబాయ్! సరే, గలీసియాను వదిలేద్దాం. అస్తూరియాస్ సంగతేంటి? నీలం మీద బంగారు శిలువ. అందులో కెల్టిక్ ఏముంది?

పెన్నా ఒడ్డు: స్కాట్లాండ్ జెండా మీదున్నది సెయింట్ ఆండ్రూ శిలువ, కార్న్‌వాల్‌ది సెయింట్ పిరాన్ శిలువ. ముందు ఆ రెండూ దింపించండి, తర్వాత అస్తూరియాస్ దగ్గరికి వద్దాం.